కూరగాయల నారు – బెట్టను తట్టుకొనేందుకు జీవ ఉత్తేజకాలు

జీవ ఉత్తేజకాలు ఎరువులూ కావు, పురుగుమందులూ కావు. కొద్ది మోతాదులోనే మొక్క శరీర క్రియలను చురుకుపరిచి బెట్ట, ఎండ, చౌడు వంటి ఒత్తిళ్లను తట్టుకొనేలా చేసే పదార్థాలు, సూక్ష్మజీవులు. రైతుల వాడుకలో బయోస్టిమ్యులెంట్లు. నారు పోసి నాటే టమాటా, మిరప, వంగ వంటి పంటల్లో వీటికి ప్రాధాన్యం ఎక్కువ. నారు పెంచే ప్రోట్రే గుంటలో పట్టే కోకోపీట్ (కొబ్బరి పొట్టు) కొద్దిపాటిదే కాబట్టి ఎండాకాలంలో ఒక పూట తడి తప్పినా నారు వాడిపోతుంది. నాటాక కూడా కొత్త వేర్లు పట్టేదాకా మొక్కకు నీటి ఎద్దడి తప్పదు.

పూర్వ చరిత్ర

సుమారు 10వ శతాబ్దానికి చెందిన సురపాలుడి ‘వృక్షాయుర్వేదం’ మాంసం, కొవ్వు, నువ్వుల పిండి, తేనె, నానబెట్టిన మినుములతో పులియబెట్టి మొక్కలకు పోసే కుణపజలాన్ని వివరించింది. ఆక్స్‌ఫర్డ్ బోడ్లియన్ గ్రంథాలయంలోని ఈ గ్రంథపు రాతప్రతిని వై.ఎల్. నేనే తెప్పించగా, నళినీ సాధలే చేసిన ఆంగ్లానువాదాన్ని సికింద్రాబాద్‌లోని ఏషియన్ అగ్రి-హిస్టరీ ఫౌండేషన్ 1996లో ప్రచురించింది. తర్వాతి శతాబ్దాల్లో తీరప్రాంత రైతులు సముద్రపు నాచును పొలాలకు వేస్తూ వచ్చారు.

ఆధునిక దశ

బ్రిటన్‌లో రెజినాల్డ్ మిల్టన్ నాచును ద్రవంగా మార్చే పద్ధతికి 1952లో పేటెంట్ పొందడంతో దాన్ని పిచికారీ చేయడానికి దారి ఏర్పడింది. అమెరికాలోని వర్జీనియా టెక్‌లో పచ్చిక మీద పనిచేసిన జాంగ్, ష్మిట్ 1997లో, అతి తక్కువ పరిమాణంలో మొక్క ఎదుగుదలను పెంచే పదార్థాలే బయోస్టిమ్యులెంట్లని నిర్వచించారు.

అరావా బ్యాక్టీరియా

కూరగాయల నారుకు సంబంధించి అత్యంత విలువైన పరిశోధన 2004లో ‘ప్లాంట్ సైన్స్’ పత్రికలో వెలువడింది. షిమోన్ మాయక్, త్సిపోరా తిరోష్, బెర్నార్డ్ గ్లిక్ ఇజ్రాయెల్‌లోని ఎడారి ప్రాంతమైన అరావా నేల నుంచి అక్రోమోబాక్టర్ పీచౌడీ ఏఆర్‌వీ8 అనే బ్యాక్టీరియాను వేరుచేసి టమాటా, మిరప జాతి నారుకు పట్టించారు. బెట్టకు గురైన మొక్కలో ఏసీసీ అనే పదార్థం నుంచి ఎథిలీన్ పుట్టి ఎదుగుదలను అణచివేస్తుంది. ఈ బ్యాక్టీరియాలోని ఏసీసీ డీఅమినేజ్ ఎంజైమ్ ఆ ముడిపదార్థాన్నే విడగొడుతుంది. దాంతో టమాటా నారులో ఎథిలీన్ తగ్గి, రెండు పంటల నారులోనూ పచ్చి బరువు, ఎండు బరువు పెరిగాయి. నీళ్లు ఆపినప్పుడు ఆకుల్లో తడి తగ్గడాన్ని మాత్రం అది ఆపలేకపోయింది. తిరిగి నీరు పెట్టాక మొక్కలు బాగా తేరుకున్నాయి. ఉత్తేజకం నీటికి బదులు కాదని, ఎద్దడి నుంచి బయటపడే శక్తిని పెంచుతుందని ఈ ప్రయోగం స్పష్టం చేసింది.

చట్టాలు

2012లో స్ట్రాస్‌బర్గ్‌లో జీవ ఉత్తేజకాలపై తొలి ప్రపంచ మహాసభ జరిగింది. వీటిని కూడా పరిధిలోకి తీసుకున్న ఐరోపా సమాఖ్య 2019/1009 నిబంధన 2022 జూలై 16 నుంచి అమల్లోకి వచ్చింది. భారత ప్రభుత్వం 1985 నాటి ఎరువుల నియంత్రణ ఉత్తర్వును 2021 ఫిబ్రవరిలో సవరించి, నాచు సారాలు, హ్యూమిక్ ఆమ్లాలు, అమైనో ఆమ్లాలు తదితరాలను దాని పరిధిలోకి తెచ్చింది. నాణ్యత తెలియని సీసాలు కొని నష్టపోయే రైతులకు ఇది ఎంతో అవసరమైన రక్షణ.

భారతదేశంలో

భావనగర్‌లోని కేంద్ర ఉప్పు, సముద్ర రసాయనాల పరిశోధన సంస్థ కప్పాఫైకస్ నాచు నుంచి రసం తీసే పద్ధతిని రూపొందించింది. ఇలాంటి ద్రావణాలను విత్తనం నానబెట్టడానికి, ట్రేలలో పోయడానికి, నాటేముందు వేర్లు ముంచడానికి వాడతారు. వాడిపోయాక పోయడం కంటే బెట్ట రాకముందే ఇవ్వడం మేలు. మోతాదు మించితే నారు దెబ్బతినే ప్రమాదం ఉంది.