ఉప్పల్ రోడ్డు మీదుగా వచ్చిన యాపిల్

తార్నాక నుంచి ఉప్పల్ వైపు మెట్రో ఎక్కితే హబ్సిగూడ తర్వాతి స్టేషన్ పేరు ఎన్‌జీఆర్‌ఐ. 1961లో పుట్టిన జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ ప్రాంగణం ఆ రోడ్డు మీదే ఉంది. దాని పొరుగునే సీసీఎంబీ. జీవకణాల మీద పరిశోధనకు 1977లో మొదలైన ఈ సంస్థ భవనాలను 1987లో జాతికి అంకితం చేశారు. పులుల డీఎన్‌ఏ గురించో, నేరపరిశోధనలో డీఎన్‌ఏ పరీక్ష గురించో మాట వచ్చినప్పుడు సీసీఎంబీ పేరు వినబడుతుంది. తెలుగు నేల మీద యాపిల్ చెట్టు కథలోనూ ఆ పేరుందని చాలామందికి తెలియదు.

ఉప్పల్‌కు యాపిల్ కొత్త కావచ్చు గానీ తోటలు కొత్త కాదు. మూసీ ఒడ్డున ఉన్న ఉప్పల్ భగాయత్ పేరే తోటభూమిని చెబుతుంది. నగరం మురుగంతా మూసీలో కలిశాక కూడా దిగువ రైతులు ఆ నీటితోనే పశువుల గడ్డి, కూరగాయలు, వరి పండించారు. నాచారంలో పారిశ్రామికవాడ లేచింది. ఎన్టీఆర్ కుటుంబం సినిమా స్టూడియో పెడితే దానికి రామకృష్ణ హార్టికల్చరల్ స్టూడియో అని పేరు. ఫ్యాక్టరీల చుట్టూ కాలనీలు పెరిగాయి. 2007లో ఉప్పల్ కలాన్ మున్సిపాలిటీ గ్రేటర్ హైదరాబాద్‌లో కలిసింది. 2019లో హెచ్‌ఎండీఏ భగాయత్ భూముల్ని ప్లాట్లు చేసి వేలం వేసింది. ఎకరాల్లో కొలిచిన తోట గజాల్లోకి దిగింది. నూట యాభై గజాల ఇంట్లో గోడకూ ప్రహరీకీ మధ్య మిగిలేది నాలుగడుగుల జాగా. అందులో మామిడి పట్టదు, వేప పట్టదు.

ఇలాంటి ఇరుకు జాగాకు చలిదేశాల్లో ఒక జవాబుంది. అదే నిట్టనిలువుగా పెరిగే క్రాబ్ యాపిల్.

యాపిల్ కుటుంబంలో రెండంగుళాల లోపు కాయలు కాసే వాటిని స్థూలంగా క్రాబ్ యాపిల్ అంటారు. కాయ పులుపు, వగరు. పెంచేది పూల కోసం. వసంతంలో గులాబీ మొగ్గలు విచ్చుకుని చెట్టంతా తెల్లబడుతుంది, శీతాకాలంలో ఎర్రటి చిన్న కాయలు వేలాడుతుంటాయి. 1960ల్లో కెనడాలోని కెలోనాలో ఒక మెకింతోష్ యాపిల్ చెట్టుకు పక్కకొమ్మలు దాదాపు లేకుండా స్తంభంలా పెరిగిన కొమ్మ కనిపించింది. ఇంగ్లండ్‌లోని ఈస్ట్ మాలింగ్ పరిశోధకులు ఆ లక్షణాన్ని తీసుకుని సన్నటి యాపిల్ రకాలు తయారు చేశారు. వాటిలో మేపోల్ అనేది క్రాబ్ యాపిలే. అమెరికా జాతీయ వృక్షోద్యానం 1987లో విడుదల చేసిన ఆడిరాండాక్ కూడా ఈ కోవలోదే.

మన దేశంలోనూ క్రాబ్ యాపిల్ ఉంది. హిమాలయాల్లో అడవి చెట్టుగా పెరుగుతుంది. అక్కడి తోటల్లో దానికి రెండు పనులు. అంటు కట్టేందుకు అడుగు మొక్కగా నిలబడటం ఒకటి. చాలా యాపిల్ రకాలు తమ పుప్పొడితో తాము కాయవు కాబట్టి, వాటికి పుప్పొడి అందించడం రెండోది. అందుకే హిమాచల్ రైతు డెలిషియస్ చెట్ల మధ్య అక్కడక్కడా క్రాబ్ యాపిల్ నాటుకుంటాడు.

అది హిమాచల్ దాటి దక్కన్‌కు రాకపోవడానికి కారణం ఎండ ఒక్కటే కాదు, చలి లేకపోవడం కూడా. ఆకు రాల్చిన యాపిల్ మొగ్గ నిద్రలోకి పోతుంది. ఏడు డిగ్రీల లోపు చలి తగినన్ని గంటలు తగిలితేనే మళ్లీ మేలుకుంటుంది. మామూలు రకాలకు సుమారు వెయ్యి గంటలు కావాలి. క్రాబ్ యాపిల్ కూడా ఆ వంశమే. బేగంపేట వాతావరణ కేంద్రం లెక్కల్లో హైదరాబాద్ అతి చల్లని రాత్రి 1946 జనవరిలో నమోదైంది. ఆ రాత్రి కూడా ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలే. అంటే నగరం చరిత్రకెక్కించుకున్న చలి, యాపిల్‌కు అవసరమైన చలి మొదలయ్యే చోట ఆగిపోయింది.

అందుకే చాలాకాలం యాపిల్ మనకు చెట్టుగా కాక పెట్టెల్లో పండుగా వచ్చింది. 1870లో కెప్టెన్ ఆర్.సి. లీ అనే ఇంగ్లిషు సైనికాధికారి కులు లోయలోని బంద్రోల్‌లో తోట వేశాడు. 1904లో భారత్‌కు వచ్చిన అమెరికన్ శామ్యూల్ స్టోక్స్ సిమ్లా దగ్గరి కోట్‌గఢ్‌లో స్థిరపడి, 1916 ప్రాంతంలో అమెరికా నుంచి రెడ్ డెలిషియస్ మొక్కలు తెప్పించి నాటాడు. తర్వాత హిందువై సత్యానంద స్టోక్స్ అయ్యాడు, స్వాతంత్ర్యోద్యమంలో జైలుకూ వెళ్లాడు. కశ్మీర్, హిమాచల్ తోటల కాపు లారీలెక్కి కొత్తపేట పండ్ల మార్కెట్‌లో దిగేది. ఉప్పల్ బండివాడి తక్కెడలోకి అక్కడి నుంచే వచ్చేది.

చలి గండాన్ని దాటే దారులు లోకంలో వేరేచోట్ల వెతికారు. ఇండోనేషియా జావా దీవిలోని బతు కొండప్రాంతంలో రైతులు కాయ కోశాక చెట్టు ఆకులన్నీ చేత్తో దూసేస్తారు. మొగ్గ గాఢనిద్రకు పోకముందే మళ్లీ చిగురించి ఏడాదికి రెండు కాపులిస్తుంది. ఇజ్రాయెల్‌లో అన్నా, బహమాస్‌లో డార్సెట్ గోల్డెన్ అనే రకాలు మూడొందల గంటల లోపు చలితోనే కాసేవిగా పేరు తెచ్చుకున్నాయి. మన దగ్గర ఆ పని చేసింది ఒక రైతు. హిమాచల్‌లోని బిలాస్‌పూర్ జిల్లా పనియాలా ఊళ్లో, యాపిల్ కాయదనుకునే దిగువ కొండల్లో, హరిమన్ శర్మ గింజ నుంచి లేచిన మొక్కను ప్లమ్ చెట్టు మీద అంటు కట్టి నిలబెట్టాడు. 1999ని తలపించేలా ఆ రకం హెచ్‌ఆర్‌ఎమ్‌ఎన్-99 అయింది. 2025లో ఆయనకు పద్మశ్రీ వచ్చింది.

ఉప్పల్ రోడ్డు ఈ కథలోకి వచ్చింది ఇక్కడే. తెలుగు ప్రాంతాల్లో తక్కువ చలి యాపిల్ ఎక్కడ బతుకుతుందో చూసే పనిని సీసీఎంబీ శాస్త్రవేత్తలు చేపట్టారు. విశాఖ మన్యంలోని లంబసింగి, చింతపల్లి, అరకు వారి కంటికి ఆనాయి. సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తున్న లంబసింగిలో శీతాకాలపు రాత్రులు సున్నా దాకా దిగుతాయి. హిమాచల్ మొక్కల్ని గిరిజన రైతుల పొలాల్లో నాటించి చూశారు. తెలంగాణలో చలికి పేరున్న ఆసిఫాబాద్ వైపు కెరమెరి మండలం ధనోరాలో కేంద్రె బాలాజీ అనే రైతు వేసిన తోటకూ సీసీఎంబీ సలహాలందాయి. 2020 జూన్ 2న, రాష్ట్రావతరణ దినాన, బాలాజీ తన తొలికాపు పండ్లను హైదరాబాద్ తెచ్చి అప్పటి ముఖ్యమంత్రి కేసీఆర్‌కు అందించాడు.

పండు పండిందన్నది నిజం. మన్యంలోనూ ఆసిఫాబాద్‌లోనూ అది ఇంకా పెద్ద పంట కాలేదన్నదీ నిజం. ఆ ప్రయోగాలకు చోటు దొరికింది ఎత్తులోనో చలిలోనో కలిసొచ్చే ఊళ్లలోనే గానీ ప్రయోగం నడిపినవాళ్ల వీధిలో కాదు. ఇప్పుడు నగరం నర్సరీల్లోనూ యాపిల్ అంట్లు అమ్ముతున్నారు. కుండీలో అది చిగురించవచ్చు, నాలుగు పూలూ పూయవచ్చు. మేలో నలభై డిగ్రీలు దాటే ఎండకు ఆకు మాడుతుంది. తోడుగా పుప్పొడినిచ్చే మరో రకం లేకపోతే పిందె నిలవడం కష్టం.

మరి ఉప్పల్, నాచారం కాలనీల్లో ఆ నాలుగడుగుల జాగాను ఏ చెట్టు దక్కించుకుంది? నరమామిడి. అందరూ అశోక చెట్టు అనేది దీన్నే. సీతమ్మ కథలోని అశోకం వేరే చెట్టు. నరమామిడి దక్షిణ భారతం, శ్రీలంకల సొంత చెట్టు. ఒకప్పుడు దీని మానును ఓడల తెరచాప కొయ్యలకు వాడేవారు. కొమ్మలు కిందికి వాలే సన్నటి రకం ప్రహరీని ఆనుకుని రెండంతస్తులు దాటినా పక్కింటి మీదికి పోదు. పండుగనాడు మామిడాకు దొరకని ఇంటికి తోరణమవుతుంది. కాయలు గబ్బిలాలు తింటాయి, ఆకుల మీద టెయిల్డ్ జే సీతాకోకచిలుక గుడ్లు పెడుతుంది. దీనికి చలి గంటల లెక్క అక్కర్లేదు.

ఉప్పల్‌లో సన్నటి క్రాబ్ యాపిల్ కోసం డబ్బు పెట్టడం దండగ. యాపిల్ మీద మరీ మోజుంటే మధ్యాహ్నపు నీడ పడే చోట పెద్ద కుండీలో తక్కువ చలి రకాలు రెండు పెట్టుకోవచ్చు. కాస్తే సంతోషం, కాయకపోతే చెట్టు తప్పు కాదు. నేలలో నాటే గుంత మాత్రం నరమామిడికే ఉంచండి.