పాశమైలారం దారిలో పాత బెంజి

పొద్దున ఆరున్నర. పోతిరెడ్డిపల్లి చౌరస్తా దాటి ఓ రేకుల షెడ్డు ముందు ఆగారు. అమ్మే ఆయన తాళం తెచ్చేలోపే మీ వెంట వచ్చిన మెకానిక్ బానెట్ మీద అరచెయ్యి ఆనించి చూశాడు. చల్లగానే ఉంది. "మంచిదన్నా. ముందే వేడి చేసి పెడితే చప్పుళ్లు దాగుతయ్," అన్నాడు మెల్లగా.

2014 మోడల్ బెంజి, ఈ-250 సీడీఐ. ఢిల్లీ నంబరు. ధర వినగానే మీరు ఎగిరి గంతేసింది ఆ నంబరు వల్లే. పదేళ్లు దాటిన డీజిల్ బళ్లు అక్కడ తిరగకూడదని 2015లో హరిత ట్రిబ్యునల్ అంది, 2018లో సుప్రీంకోర్టూ అదే అంది. అలా అక్కడి ఖరీదైన బళ్లు ఇటు దిగడం మొదలైంది. అక్కడి ఎన్‌ఓసీ, ఇక్కడి లైఫ్ ట్యాక్సు, టీజీ నంబరు, అన్నీ కలుపుకుంటే ఆ చవక కొంత కరిగిపోతుందనుకోండి.

తాళం తిప్పారు. మొదటి రెండు సెకన్లు మెకానిక్ ఊపిరి బిగబట్టాడు, టైమింగ్ చైన్ గలగలమంటుందేమోనని. అనలేదు. మీటరు 62,000 చూపిస్తోంది. బ్రేకు పెడల్ రబ్బరు మాత్రం గీతలన్నీ అరిగి నున్నగా మెరుస్తోంది. రబ్బరుకి అబద్ధమాడ్డం రాదు.

కంది దగ్గర ఐఐటీ గేటు దాటాక ముందు ఓ కంటైనర్ లారీ. కాలు కాస్త అదిమారంతే, నడుము సీట్లోకి దిగిపోయింది; లారీ అద్దంలో వెనక్కి పోయింది. దీని టార్క్ 500 న్యూటన్ మీటర్లు. ఇంట్లో ఉన్న మీ స్విఫ్ట్ డీజిల్‌కి 190. ఆ తేడా చెవికి కాదు, వెన్నెముకకి తెలుస్తోంది.

ఇస్నాపూర్‌లో పక్కకి తిరగాలి. స్విఫ్ట్ అలవాటులో కుడిచేతి కాడ పైకి నెట్టారు. ఇండికేటర్ వెలగలేదు సరికదా ఇంజిన్ ఊరికే రొద పెట్టింది, బండి మాత్రం లాగడం మానేసింది. బెంజికి అది గేరు కాడ. న్యూట్రల్‌లో పడింది. వెనక ఆటోవాడు హారన్‌తోటే తిట్టాడు. మెకానిక్ నవ్వాపుకోలేక కిటికీ వైపు తిరిగాడు.

ఇక పాశమైలారం రోడ్డు. "ఏసీ బంద్ చెయ్యన్నా. పాటలు బంద్. అద్దాలు దించు. ఇర్వై మీద పోనియ్." షిఫ్టు మారే వేళ. కంపెనీ బస్సులు, టిఫిన్ డబ్బాలు, సైకిళ్లు. ఒక్కో కంపెనీ గేటు ముందు లోడు లారీలు తారుని తొక్కి మడతలు చేశాయి. మొదటి గుంతలో మెత్తగా దిగి, మెత్తగా లేచింది. రెండోదీ అంతే. మూడోది కాస్త లోతు. ఎడమ ముందు చక్రం దగ్గర 'కట్'. మళ్లీ దిగితే మళ్లీ 'కట్'. "లోయర్ ఆర్మ్ బుష్. పాణం పోయింది," అన్నాడు. పదేళ్ల స్పీడు బ్రేకర్లు మరి.

మందుల కంపెనీల వాసన మొదలైంది. "గిదీ పరీక్షే," అంటూ అద్దాలెక్కించి, బయటి గాలి రాకుండా బటన్ నొక్కించాడు. పది లెక్కపెట్టేసరికి ఘాటు పలచబడింది; ఫిల్టరూ, తలుపు రబ్బర్లూ బాగున్నట్టే. నక్కవాగు ఒడ్డు ఊళ్లవాళ్లు ఈ కంపు మీద దశాబ్దాలపాటు కోర్టుల చుట్టూ తిరిగారు. వాళ్ల ఇళ్లకి ఆ బటన్ లేదు.

స్టీరింగ్ మెకానిక్‌కిచ్చి మీరు వెనక్కి మారారు. అసలు కొనేది ఈ సీటు కోసం. నాన్నని ఝరాసంగం గుడికి తీసుకెళ్లాలని. సోఫాలా ఉంది, నిజమే. అయితే ఇంజిన్ ముందున్నా లాగేవి వెనక చక్రాలు కాబట్టి నడిమధ్య నేల దిబ్బలా లేచి ఉంటుంది, ముగ్గురు కూర్చుంటే మధ్యవాడి పని అంతే. పొడుగు వీల్‌బేస్ ఈ-క్లాస్ మన దగ్గరికొచ్చింది 2017లో. ఇది అంతకు ముందుది. మోకాళ్లకి జానెడు చోటు. సీటు ఎత్తు తక్కువ.

ముత్తంగి దగ్గర ఔటర్ ఎక్కి సుల్తాన్‌పూర్ దాకా పోయొచ్చారు. 120 దగ్గర చేతులు వదులు చేస్తే పక్కకి లాగలేదు. గట్టిగా బ్రేకేస్తే వణకలేదు. బాగుంది, కాదనం. ఔటర్ మీద ఏ బండైనా పెళ్లికొడుకే.

షెడ్డు చేరాక మెకానిక్ ఇంజిన్ కింద అట్టముక్క పరిచి టీకి తీసుకెళ్లాడు. తిరిగొచ్చేసరికి అట్ట మీద రెండు తడి మచ్చలు. వేలితో అద్ది వాసన చూశాడు. "ఏసీ నీళ్లే."

"ఏమంటరన్నా?" అన్నాడు అమ్మే ఆయన.

బుష్‌ల ఖర్చు ఎంతవుతుందో మెకానిక్ అతనికి లెక్క చెబుతున్నాడు. మీరు వెనక తలుపు తీసి ఎక్కి, దిగారు. మళ్లీ ఎక్కి, ఈసారి మోకాలి మీద చెయ్యి ఆనించి, మెల్లగా, నాన్నలా దిగారు. ఫోన్ తీశారు. "నాన్నా, స్నానమయ్యిందా? వస్తున్నా, తయారుగుండు. ఓ బండి ఎక్కి దిగాలె."