కార్ల బృందానికి వాకీటాకీ.. శక్తి కన్నా అనుమతే ముఖ్యం

వారాంతం వచ్చిందంటే హైటెక్‌సిటీ, మాదాపూర్‌, గచ్చిబౌలి ప్రాంతాల ఐటీ ఉద్యోగులు నాలుగైదు కార్లలో బృందంగా శ్రీశైలం బయల్దేరడం మామూలే. అవుటర్‌ రింగురోడ్డు దాటేవరకు సెల్‌ఫోన్లతోనే పని జరిగిపోతుంది. 765వ నంబరు జాతీయ రహదారిపై మన్ననూరు దాటి నల్లమలలో ప్రవేశించాక చాలాచోట్ల సిగ్నల్‌ అందదు. వెనుక కారు టైరు పంక్చరైతే ముందున్న వారికి తెలిసే మార్గం ఉండదు. ఈ అటవీ మార్గంలో రాత్రి 9 నుంచి ఉదయం 6 గంటల వరకు వాహనాలను అనుమతించరు. విడిపోయిన వారి కోసం ఎదురుచూసే వ్యవధీ తక్కువే. ఇలాంటి చోట వాకీటాకీలు అక్కరకొస్తాయి. అయితే కొనేముందు కొన్ని విషయాలు తెలుసుకోవడం అవసరం.

లైసెన్సు అక్కర్లేనివి ఏవి?

దేశంలో 446.0 నుంచి 446.2 మెగాహెర్ట్జ్‌ మధ్య పనిచేసే స్వల్పశక్తి సెట్లకు 2018 నాటి కేంద్ర నిబంధనలు లైసెన్సు నుంచి మినహాయింపునిచ్చాయి. సాధారణ ప్రయాణికులకు ఇవే తగినవి. వీటి శక్తి సాధారణంగా అర వాటు. పెట్టెపై పౌనఃపున్యం స్పష్టంగా ఉందో లేదో, ఆ నమూనాకు ‘ఈటీఏ’గా పిలిచే పరికర ఆమోదపత్రం ఉందో లేదో చూసుకోవాలి.

అయిదు వాట్లు, ఎన్నో పౌనఃపున్యాలు అంటూ చౌకగా దొరికే సెట్లు ఆకర్షణీయంగా కనిపిస్తాయి. లైసెన్సు లేకుండా వాటిని వాడటం చట్టవిరుద్ధం. పోలీసు, అత్యవసర సేవల సంభాషణలకు అవి అడ్డుతగిలే ప్రమాదమూ ఉంది. ఆమోదం, లైసెన్సు వివరాలు లేకుండా వాకీటాకీలను అమ్మకానికి పెట్టిన ఈ-కామర్స్‌ సంస్థలకు కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ 2025 మే నెలలో నోటీసులిచ్చింది. అంగట్లో దొరికినంత మాత్రాన వాడవచ్చని భావించరాదు.

ఎంత దూరం అందుతుంది?

ప్రకటనల్లో చెప్పే దూరాలు మైదానంలో, అడ్డంకులు లేనప్పటివి. కారు లోహపు పైకప్పు, కొండ మలుపులు, దట్టమైన చెట్లు తరంగాలను అడ్డుకుంటాయి. కార్ల మధ్య ఒకటి రెండు కిలోమీటర్లకు మించి ఆశించకపోవడమే మేలు. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే కారు రెండు నిమిషాల్లో ఆ దూరం దాటిపోతుంది. కనుక విడిపోయాక వెతుక్కోవడానికి కాదు, విడిపోకుండా ఉండటానికే ఈ సాధనం. మాట అస్పష్టమైన వెంటనే ముందు కారు వేగం తగ్గించి, సురక్షితమైన చోట ఆగాలి.

వాడకంలో జాగ్రత్తలు

కారుకు ఒక సెట్టు తప్పనిసరి. వేర్వేరు కంపెనీలవైనా చానల్‌, కోడ్‌ ఒకటే అయితే సాధారణంగా మాట కలుస్తుంది. కోడ్‌ పెట్టినంత మాత్రాన సంభాషణ రహస్యం కాదు, ఇతరులూ వినగలరు. కారులోనే చార్జింగ్‌ పెట్టుకునే వీలున్నవి ఎంచుకోవాలి. బయల్దేరే ముందురోజే సెట్లన్నీ పరీక్షించాలి. మొదటి, చివరి కార్లలో అనుభవజ్ఞులుండటం మంచిది.

సెట్టు డ్రైవరు చేతిలో ఉండరాదు. 2019 సవరణ తర్వాత మోటారు వాహనాల చట్టం 184వ సెక్షన్‌ ప్రకారం, డ్రైవింగ్‌లో చేతిలో పట్టుకునే సమాచార సాధనాల వాడకం ప్రమాదకర డ్రైవింగ్‌ కిందకు వస్తుంది. పక్క సీటులో కూర్చున్నవారే మాట్లాడాలి.

ఎక్కువ దూరం కావాలంటే..

అలాంటివారికి హామ్‌ రేడియో ఒక మార్గం. దీనికి పరీక్ష ఉత్తీర్ణులై లైసెన్సు పొందాలి. సెట్టులో మాట్లాడే ప్రతి ఒక్కరికీ అది ఉండాలి. ఈ రంగంలో హైదరాబాద్‌లోని జాతీయ అమెచ్యూర్‌ రేడియో సంస్థకు పేరుంది. 2004 సునామీ వేళ అండమాన్‌లో సమాచార సంబంధాలు తెగిపోయినప్పుడు, అక్కడే ఉన్న ఈ సంస్థ బృందం రేడియో ద్వారా సమాచారం చేరవేసింది.