పుస్తకములో లేని వరుసలు

శతవార్షికోత్సవ సంచికకు సంఘ చరిత్రపై ఒక వ్యాసము వ్రాయవలసినదని సంపాదక వర్గమువారు కోరినప్పుడు, మిషనరీల రాక, దేవాలయ ప్రతిష్ఠలు, పాఠశాలలు మొదలగు విషయములనే వ్రాయవలెనని మొదట తలచితిమి. కాని వాటిని మాకంటె బాగుగా ఎరిగిన పెద్దలు మన మధ్య ఉన్నారు. అందుచేత వారికి ఆ పని విడిచి, మేము పాటలను గూర్చి వ్రాయుచున్నాము. గత శ్రమకాలములో మా రామచంద్రపురపు యువజనులు మమ్మును అడిగిన ఒక ప్రశ్నయే ఇందుకు కారణము.

శతవార్షిక ఆరాధనలో తమ తలిదండ్రులు చిన్ననాట పాడిన కీర్తన ఒకటి పాడవలెనని వారు నిశ్చయించుకొనిరి. ఎవరి ఇంటిలోనో పెట్టె అడుగున ఉన్న ‘ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు’ పాత ప్రతి తెచ్చిరి. అట్ట ఊడిపోయినది, అంచులు పసుపుపచ్చబడినవి. వారు ఎన్నుకొన్న కీర్తన తలపై రాగము ముఖారి, తాళము చాపు అని అచ్చువేసియున్నది. “అయ్యగారూ, ఇది ఎలా పాడాలండీ? ఫోనులో వెదికితే నాలుగు రకాలుగా ఉందండీ. మా అమ్మ పాడేది ఆ నాలుగింటిలో ఏదీ కాదండీ” అని ఒక అమ్మాయి అడిగినది. మేము వేదాంత కళాశాలలో సంఘ చరిత్ర చదివితిమి. నికయ సభ 325లో కూడినదని నిద్రలో అడిగినను చెప్పగలము. ముఖారి అనగా ఏమో మాత్రము ఆ బిడ్డకు చెప్పలేకపోతిమి.

తెలుగు క్రైస్తవ కీర్తన అనగానే ముందుగా తలచవలసినవారు పురుషోత్తమ చౌదరి గారు. బ్రాహ్మణ కుటుంబములో 1803లో జన్మించి, 1833లో కటకములో బాప్తిస్మము పొంది, 1890లో ప్రభువునందు నిద్రించిరి. ఆయన బాప్తిస్మము పొందిన నాటికి త్యాగరాజస్వామి ఇంకను తిరువయ్యారులో పాడుచునే యుండిరి. తంజావూరిలో వేదనాయక శాస్త్రి గారు (1774–1864) తమిళములో క్రైస్తవ కీర్తనలు కట్టుచుండిరి. ఈ మాట ఎందుకు చెప్పుచున్నామనగా, మన కీర్తనలు దొరల పాటలకు తర్జుమాలని కొందరు యువకులు అనుకొనుచున్నారు. తర్జుమాలు కూడ ఉన్నవి, వాటికి దొరల వరుసలే ఉన్నవి. కాని పల్లవి, అనుపల్లవి, చరణములు గల కీర్తన ఈ నేలలో పుట్టినది. ఇక్కడి భక్తులందరు ఏ మూసలో పాడుచుండిరో ఆ మూసలోనే మన పెద్దలును పాడిరి.

ఇక మన డెల్టాకు వచ్చెదము. 1836లో బౌడెన్, బీర్ అను ఇద్దరు ఇంగ్లాండు నుండి వచ్చి, తరువాత పాలకొల్లు, నరసాపురము ప్రాంతములలో స్థిరపడి గోదావరి డెల్టా మిషనుకు పునాది వేసిరి. 1841లో నోబుల్, ఫాక్స్ దొరలు మచిలీపట్నములో సి.ఎం.ఎస్. పని ఆరంభించిరి. అదే దశకములో ఉత్తర జర్మనీ లూథరనులు రాజమహేంద్రవరము చేరిరి. మా వైపున కెనడియన్ బాప్తిస్టు మిషను 1874లో కాకినాడలో మెక్‌లారిన్ దొరగారితో ప్రారంభమైనది. అంతకు ముందే అక్కడ థామస్ గాబ్రియేలు అను తెలుగు సువార్తికుడు తన కష్టముతో సంఘమును నిలిపియుండెనని మరువరాదు. ఈ మిషనుల మధ్య బాప్తిస్మమును గూర్చియు, సంఘ పరిపాలనను గూర్చియు భేదములు చాల కలవు. పాటల పుస్తకము దగ్గరకు వచ్చుసరికి మాత్రము అందరు ఒకే పుస్తకము తెరచిరి. 1947 సెప్టెంబరు 27న దక్షిణ ఇండియా సంఘము ఏర్పడినప్పుడు పెద్దలు ఐక్యతను గూర్చి ఏండ్ల తరబడి చర్చించిరి గదా. మా ప్రాంతపు స్త్రీలు ఆ ఐక్యతను అంతకు ముందే వంటయింటిలో అనుభవించుచుండిరి. నరసాపురము పిల్ల రామచంద్రపురము కోడలైనప్పుడు ఆమె సంఘము మారినది గాని పాట మారలేదు.

ఆ పాటలు ఎవరి గొంతులలో నిలిచినవో కూడ ఆలోచింపవలెను. ధవళేశ్వరము ఆనకట్ట 1852లో పూర్తియైన తరువాత ఈ డెల్టా అంతయు వరి పండినది. ఆ వరి నాటినవారు, కోసినవారు, మోసినవారు మన సంఘములలో మొదట చేరిన పల్లెల ప్రజలు. వారిలో పెక్కుమందికి అక్షరములు రావు. 1947లో మద్రాసు ప్రభుత్వము ఆలయప్రవేశ చట్టము చేయువరకు గుడి వాకిలి కూడ వారికి తెరువబడలేదు. ఇక సంగీతము నేర్పు గురువు ఇల్లు ఎక్కడ? అట్టివారు సావేరి, బిలహరి, ఆనందభైరవి అను పేర్లు గల పాటలను రాత్రి లాంతరు వెలుతురులో నేర్చుకొనిరి. ఉపదేశి ఒక పంక్తి చెప్పును, జనులు దానిని తిరిగి పాడుదురు. పేరు వారికి తెలియదు, పాట తెలియును. పుస్తకము ఉపదేశి చేతిలో ఒక్కటే. కనుక మన కీర్తనల పుస్తకము నిజముగా రెండు భాగములు. మాటలు కాగితము మీద ఉన్నవి. వరుసలు ఈ ప్రజల కంఠములలో ఉన్నవి. మొదటి భాగము ఎన్నోసార్లు అచ్చయినది. రెండవ భాగమునకు ప్రతులు లేవు.

మా తలిదండ్రుల తరమువారు ఈ కీర్తనలతో పాటు మరియొక సంగీతమును కూడ ఎరుగుదురు. క్రిస్మసు దినములలో గుడి ముందు కొబ్బరిచెట్టుకు మైకు సెట్టువారు బూర కట్టి రికార్డులు వేయుట వారి బాల్య జ్ఞాపకము. 1970లో సీషెల్స్ దీవులలో ఫీబా రేడియో మొదలైనది. 2003లో అక్కడి ప్రసారములు ముగియువరకు ఎన్నో ఇండ్లలో దాని కొరకు ట్రాన్సిస్టరు ముల్లు త్రిప్పుచుండిరి. కాకినాడ ప్రాంతపు బాప్తిస్టు సంఘములకు చిరపరిచితులైన డాక్టర్ ఎ.బి. మాసిలామణి గారు (1914–1990) వ్రాసిన ‘నడిపించు నా నావా’ మన కాలువల మీదను, నది మీదను బ్రతికిన జనులకు వేరే వ్యాఖ్యానము లేకయే అర్థమైనది. 1978లో ‘కరుణామయుడు’ చిత్రము వచ్చినప్పుడు మోదుకూరి జాన్సన్ గారు వ్రాయగా బాలసుబ్రహ్మణ్యము గారు పాడిన పాట సినిమా హాలు నుండి నేరుగా సండే స్కూలులోనికి నడిచివచ్చినది. అప్పటి పెద్దలు కొందరు దానికి ముఖము చిట్లించిరట. సినిమా పాట గుడిలోనా అని.

చిట్లించిన ఆ పెద్దల ముందున్న హార్మోనియము మాత్రము ఎక్కడిది? అదియు ఐరోపాలో పుట్టి, కలకత్తాలో చేతితో ఊదు పెట్టెగా మారి మన యొద్దకు వచ్చినదే. మన రాగములకు కావలసిన గమకము దానిలో పలుకదని 1940 మొదలు సుమారు మూడు దశాబ్దములు ఆకాశవాణివారు దానిని వెలివేసిరి. గుడిలో మాత్రము అది పీఠము ప్రక్కనే కూర్చున్నది. కనుక కొత్త వాయిద్యము వచ్చినదని మేము ఎవరిని తప్పుపట్టము.

తప్పుపట్టవలసినది మమ్మునే. మేము గురుత్వపు పనిలో ప్రవేశించిన తొలి సంవత్సరములలో ఒక సంఘమునకు కీబోర్డు కొనిపించితిమి. యువకులు సంతోషించిరి, మాకును గొప్పగా ఉండెను. హార్మోనియమును సామాను గదిలో పెట్టించితిమి. రెండు వర్షాకాలములలో తిత్తికి చెద పట్టినది. దానిని వాయించు పెద్దాయన ముందు వరుసలో కూర్చుండుట మాని, ద్వారము దగ్గర కూర్చుండ నారంభించెను. ఎందుకని మేము అడుగలేదు. ఆయన ఎన్ని కీర్తనల వరుసలు ఎరుగునో అదియు అడుగలేదు.

ఇందులో ఒక సూక్ష్మము మాకు ఇప్పుడు తెలిసినది. చాపు తాళములో మనవారు ఎక్కువగా పాడునది మిశ్ర చాపు. అనగా మూడును నాలుగును కలిపి ఏడు లెక్క. మన పల్లెలలో కంజిర వాయించు పిల్లవాడు దానిని లెక్క పెట్టకయే వాయించుచుండెను. కీబోర్డులో మీట నొక్కగానే వచ్చు దరువులు చాల వరకు నాలుగు లెక్కలవి. ఏడు లెక్కల పాటను ఆ నాలుగులో కూర్చుండబెట్టవలెనన్న ఒక మాట సాగదీయవలెను, లేదా ఒక మాట మింగవలెను. రెండును కుదరనప్పుడు ఆ పాటను మానుదురు. మా సంఘములో ఏ పాటలు మూగపోయినవో యువజనులు పుస్తకము పట్టుకొని చూడగా, చాపు తాళపు పాటలే ఎక్కువగా కనబడినవి. దుఃఖపు పాటలు, పశ్చాత్తాపపు పాటలు వాటిలో చాల కలవు. అవి లేని శ్రమకాలము ఎట్లుండునో మనము చూచుచునే యున్నాము.

మరియొక సంగతి. గోడ మీద తెరకు పాటను ఎక్కించునప్పుడు రాగము, తాళము అను పంక్తిని మనమే తీసివేయుచున్నాము, స్థలము చాలదని. చరణము చివర నిలువు గీతల మధ్య పల్లవి మొదటి మాట ఉండును గదా, అదియు పోయినది. ఎక్కడ తిరిగి పల్లవి ఎత్తుకొనవలెనో తెలియక, మా పిల్లలు చరణము వెంట చరణము పద్యమువలె చదువుకొనిపోవుచుండిరి.

ఒక ఆదివారము సాయంకాలము ఆ యువజనులు గుడి వరండాలో ముఖారి కీర్తనను తమకు తోచినట్లు సాధన చేయుచుండగా, మెట్ల మీద చెప్పులు విప్పుచున్న ఒక మామ్మగారు నిలిచిపోయెను. “అలా పాడతారేటండీ అయ్యగారూ? అది ఏడుపు పాటండీ. పెళ్ళి ఊరేగింపులా లాగేత్తన్నారు” అని మాతో అని, పిల్లల వైపు తిరిగి, “ఇలా రండమ్మా” అని మెట్టు మీదనే కూర్చుండి ఎత్తుకొనెను. తొడ మీద చేతితో తట్టుచు ఐదు చరణములు పుస్తకము లేకుండ పాడెను. మూడు, నాలుగు, మూడు, నాలుగు. పిల్లలు ఫోనులు బయటికి తీసి రికార్డు చేసిరి. కీబోర్డు వాయించు అబ్బాయి మీట ఆపివేసి, ఆమె చేతి వైపే చూచుచు నిలువబడెను.

మరుసటి వారము మరి ఇద్దరు వృద్ధ స్త్రీలు పిలువకయే వచ్చిరి. అప్పుడు చిక్కు పుట్టినది. వారిలో రాజమహేంద్రవరము వైపు లూథరను సంఘములో పెరిగి ఇక్కడకు కోడలుగా వచ్చినామె అదే కీర్తనను వేరొక వరుసలో పాడెను. “మా పుట్టింట ఇలాగే” అని ఆమె, “ఈ గుడిలో ఇలాగే” అని మొదటి మామ్మగారు. పాట మారలేదని మేము పైన వ్రాసితిమి. వరుస మారినదని ఆ దినమున నేర్చుకొంటిమి. పట్టణములో సంగీతము చెప్పు ఒక ఉపాధ్యాయుని యొద్దకు పిల్లలు రెండు రికార్డులను తీసికొనిపోగా, ఆయన ఓపికగా విని, ఒకదానిలో ముఖారి ఛాయ కొంత ఉన్నదనియు, రెండవది అసలు ముఖారి కాదనియు, అయినను రెండవదే తనకు బాగున్నదనియు చెప్పెనట.

ఏది సరియైనది? మాలోని కళాశాల పట్టభద్రుడు పుస్తకమునే ప్రమాణముగా తీసికొనుమనును. కాని నూరేండ్లుగా ఒక పల్లె ఒక వరుసలో ప్రార్థించినయెడల, ఆ వరుసను తప్పు అనుటకు మాకు నోరు రాదు. యువజనులు మమ్మును అడుగకయే తీర్పు చేసిరి. శతవార్షిక ఆరాధనలో మొదటి మూడు చరణములు ఈ గుడి వరుసలోను, తక్కిన రెండు ఆ కోడలుగారి పుట్టింటి వరుసలోను పాడెదరు. కంజిర ఒక్కటే ఉండును.

మొదటి మామ్మగారు ఈ వేసవిలో ప్రభువు సన్నిధికి చేరిరి. ఆమె చెప్పదలచిన పాటల పట్టికను మా అమ్మాయిలు ఒక నోటుపుస్తకములో వ్రాసికొనియుండిరి. పదునొకండు పాటలకు గుర్తు పడినది. తొమ్మిది పాటలకు ఎదుట కీర్తన సంఖ్య మాత్రమే ఉన్నది. వాటిలో ఆరు మా సంఘములో ఇంకెవరికి తెలియవు.

కావున ఈ సంచిక చదువువారిలో పాత కీర్తనల వరుసలు తెలిసినవారు, లేదా తెలిసిన తల్లి, మామ్మ, తాతగారు ఇంటిలో ఉన్నవారు దయచేసి మాకు తెలియజేయగోరుచున్నాము. గొంతు బాగుండలేదని సంకోచింపవద్దు. రాలేని పెద్దల ఇంటికి పిల్లలే వచ్చెదరు. ఆదివారము సాయంకాలపు ఆరాధన తరువాత వారు మా గుడి వరండాలో ఉందురు. నోటుపుస్తకము వారి యొద్దనే ఉన్నది.