ఎలక్ట్రోకార్డియోగ్రాఫిక్ ఇమేజింగ్

గుండెలోకి తీగ దింపకుండా, ఛాతీ చర్మం మీద కొలిచిన వోల్టేజీలను బట్టి గుండె ఉపరితలంపై విద్యుత్ తరంగం ఎక్కడ మొదలై ఎటు పాకుతోందో పటంగా గీసే పద్ధతి. పొట్టిగా ఈసీజీఐ అంటారు.

బయటినుంచి కొలవడం పాత విద్యే. 1887లో లండన్‌లో అగస్టస్ వాలర్ మనిషి గుండె విద్యుత్తును శరీరం పైనుంచి నమోదు చేశారు. లైడెన్‌లో విల్లెం ఐంథోవెన్ రూపొందించిన స్ట్రింగ్ గాల్వనోమీటర్ ఆ గీతను వైద్యానికి పనికొచ్చేంత స్పష్టంగా చూపింది. 1924లో ఆయనకు నోబెల్ బహుమతి వచ్చింది. 1963లో బ్రూనో తక్కార్డి ఛాతీ అంతటా వోల్టేజీలను పటంగా గీసి, గుండెను ఒకే విద్యుత్ ద్విధ్రువంగా భావిస్తే సరిపోదని చూపారు.

అసలు చిక్కు లెక్కలో ఉంది. లోపలి విద్యుత్ మూలాలు వేరువేరుగా ఉన్నా బయట ఒకే కొలతలు రావచ్చని జర్మన్ శాస్త్రవేత్త హెల్మ్‌హోల్ట్జ్ 1853లోనే నిరూపించారు. అందుకే పరిశోధకులు మూలాల జోలికి పోకుండా, గుండె బయటి పొర మీది వోల్టేజీలను కనుక్కోవాలనుకున్నారు. అక్కడ జవాబు సిద్ధాంతరీత్యా ఒక్కటే. అయినా ఛాతీ దాకా వచ్చేసరికి వివరాలు మసకబారిపోతాయి. వెనక్కి లెక్కగట్టినప్పుడు కొలతలోని గోరంత పొరపాటు కొండంతవుతుంది. రష్యన్ గణితజ్ఞుడు టిఖనోవ్ పేరుతో ఉన్న రెగ్యులరైజేషన్ పద్ధతి దాన్ని అదుపులో పెట్టింది. ఈసీజీఐకి ప్రాణం పోసింది ఎలక్ట్రోడ్లకన్నా ఈ గణితమేనని చెప్పాలి.

క్లీవ్‌లాండ్‌లోని కేస్ వెస్టర్న్ రిజర్వ్ విశ్వవిద్యాలయంలో యోరామ్ రూడీ బృందం ఈ లెక్కను ఏళ్ల తరబడి సానబట్టింది. మనిషి మొండెం ఆకారంలోని తొట్టెలో కుక్క గుండెను వేలాడదీసి, లెక్కగట్టిన వోల్టేజీలను నేరుగా కొలిచినవాటితో పోల్చి చూశారు. మనుషుల మీద వచ్చిన ఫలితాలు 2004లో నేచర్ మెడిసిన్ పత్రికలో వెలువడ్డాయి. ఆ వ్యాసానికి మొదటి రచయిత చారులత రామనాథన్. ఆ తర్వాత ఆమె సహవ్యవస్థాపకురాలిగా మొదలైన కార్డియోఇన్‌సైట్ సంస్థ 252 ఎలక్ట్రోడ్లున్న చొక్కా తయారుచేసింది. ఆ చొక్కాతోనే సీటీ స్కాన్ తీస్తే ఏ ఎలక్ట్రోడ్ గుండెకు ఎంత దూరంలో, ఏ దిశలో ఉందో తెలుస్తుంది. 2015లో మెడ్‌ట్రానిక్ ఆ సంస్థను కొన్నది.

2017లో సెయింట్ లూయిస్ వైద్యులు మందులకు లొంగని వెంట్రిక్యులర్ టాకీకార్డియా (గుండె కింది గదుల్లో పుట్టే వేగపు దడ) ఉన్న 5 మందికి, ఈ పటం గుర్తించిన చోట 25 గ్రేల రేడియేషన్ ఒక్కసారే ఇచ్చారు. దడ బాగా తగ్గింది. శరీరంలోకి ఏ పరికరమూ దించకుండా గుండె లయను సరిచేసిన ఆ ప్రయత్నం ఈ చరిత్రలో అన్నిటికన్నా ఆశ కలిగించేది.

ఐతే గుండె గదుల నడిమి గోడ ఈ పద్ధతికి సరిగా అందదు. 2019లో బోర్డో పరిశోధకులు నేరుగా కొలిచిన పటాలతో పోల్చినప్పుడు పొంతన తక్కువగానే కనిపించింది. కాబట్టి క్యాథెటర్‌తో (గుండెలోకి దింపే తీగతో) అబ్లేషన్, అంటే దడ పుట్టించే కణజాలాన్ని నిర్జీవం చేయడం, చేపట్టే ముందు ఆ తీగతోనే నేరుగా కొలిచి సరిచూసుకోవడం మంచిది.