కదిలే ఓడకు గొట్టాలు అక్కర్లేదు

ఒమన్‌లో మస్కట్ పక్కనున్న మత్రా రేవు గురించి రాసినవాళ్లు ఖర్జూరం గురించి రాశారు, ఎండునిమ్మ గురించి, ఎండుచేప గురించి, జాంజిబార్ లవంగాల గురించి రాశారు. ఆ సరుకు మోసిన ఓడల్లో నెలల తరబడి బతికిన మనుషులు కాలకృత్యాలకు ఎక్కడికి వెళ్లేవారన్నది మాత్రం ఎవరికీ చరిత్రగా కనబడలేదు. కనబడవలసిన విషయమే అది. ఓడ మరుగుదొడ్డి అనగానే గొట్టాలు, వాల్వులు, పంపు, అడుగున తొట్టె గుర్తొచ్చే మనకు పాత అరబ్బు ఓడలో అవేవీ లేవంటే వాళ్లు వెనకబడి ఉన్నారనిపిస్తుంది. నేను వాదించేది దీనికి సరిగ్గా ఎదురు. ఆ ఓడకు గొట్టాలు లేకపోవడం లోపం కాదు, అవసరం లేకపోవడం. కదిలే ఓడకు సముద్రం చేసిపెట్టే పనిని, నిలిచిన ఓడలో మనిషి తన చేతులతో చేసుకోవలసి వచ్చినప్పుడు ఈ గొట్టాల సంసారం మొదలైంది. ఇందులో పరిశుభ్రత మీద పెరిగిన శ్రద్ధ పాత్ర కొంతే. రేవులో ఎక్కువకాలం నిలిచి ఉండడం మొదలవడమే అసలు కారణం.

ముందు ఆ పాత ఏర్పాటు ఏమిటో చూడాలి. ఓడ వెనక కొసన, చుక్కానికి దగ్గర్లో, పక్క అంచుకు అవతల నీటి మీదికి వేలాడేట్టు బిగించిన చెక్క పెట్టె అది. గల్ఫ్ నావికులు దాన్ని జూలి అనేవారు. కూర్చున్న మనిషిని మరుగుపరిచేంత ఎత్తు పలకలు, అడుగున సందు, చేతిలో తాడు కట్టిన బొక్కెన, కింద సముద్రం. పడింది నేరుగా నీళ్లలో పడుతుంది, ఓడ ముందుకు సాగిపోతుంది. కడుక్కోవడానికి నీళ్లు అక్కడే తోడుకోవచ్చు. ఏ పలకైనా పుచ్చితే వడ్రంగి ఇంకో పలక కొడతాడు, అంతకు మించిన మరమ్మతు లేదు. ఆస్ట్రేలియా నావికుడు అలన్ విలియర్స్ 1938 చివర్లో ఏడెన్‌లో బూమ్ అనే రకం కువైత్ తెరచాప ఓడ ఎక్కి, దాని నాఖుదా, అంటే కప్తాను, అలీ బిన్ నాసిర్ అల్ నజ్దీతో తూర్పాఫ్రికా దాకా పోయి వచ్చి, ఆ ప్రయాణాన్ని 1940లో పుస్తకంగా అచ్చువేశాడు. కళాసీలు కాక వందమందికి పైగా ప్రయాణికులు ఆ ఒక్క ఓడలో కిక్కిరిసి వెళ్లారు. అంతమందిని వారాల తరబడి మోసే ఓడలు ఇలాంటి పెట్టెలతోనే నెట్టుకొచ్చాయంటే, ఆ పెట్టె పని చేసేదనే అర్థం.

యూరప్ ఓడలు ఇదే చిక్కును తలకిందులుగా విడదీశాయి. అడ్డ తెరచాపల ఓడకు గాలి ఎక్కువగా వెనక నుంచి వీస్తుంది. అందుకని కళాసీలను ముక్కు దగ్గరికి పంపేవారు, వాసన ముందుకు కొట్టుకుపోయేది, అలలు అక్కడి పలకల్ని కడిగేవి. కప్తానుకు మాత్రం వెనక పక్కన, గది నుంచే వెళ్లేందుకు వీలుగా చిన్న వసారా ఉండేది. అరబ్బు ఓడ ముక్కు సన్నగా, ఏటవాలుగా సాగి ఉంటుంది, అక్కడ మనిషి కూర్చునే జాగా లేదు. అందుకే అది వెనక్కి వచ్చింది. ముక్కయినా వెనకయినా రెండు చోట్లా నమ్మకం ఒకటే: ఓడ కదులుతుంది, కింద నీరు మారుతుంది. ఈ నమ్మకం నిలిచినంతకాలం ఓడ పొట్టకు చిల్లు పెట్టవలసిన పని లేదు.

చిల్లు అన్నమాట మత్రా వాళ్లకు తేలికైనది కాదు. హిందూ మహాసముద్రంలో పాత ఓడలు మేకులతో కాదు, కొబ్బరి పీచు తాళ్లతో కుట్టినవి. మలబారు నుంచి వచ్చిన కలప పలకల అంచుల వెంట బెజ్జాలు వేసి, తాడు దూర్చి బిగించి, ప్రతి బెజ్జంలోనూ పీచు కూరేవారు. తొమ్మిదో శతాబ్దపు ఓడ శిథిలాన్ని చూసి ఒమన్‌లో అలాగే కుట్టిన జ్యూయెల్ ఆఫ్ మస్కట్ 2010 ఫిబ్రవరిలో మత్రాలోని సుల్తాన్ ఖాబూస్ రేవు నుంచే బయల్దేరి జూలైలో సింగపూర్ చేరింది. అలాంటి ఓడ అడుగున ఎన్ని వేల బెజ్జాలు ఉంటాయో, ఒక్కొక్కటీ ఎంత జాగ్రత్తగా మూయాలో తెలిసిన వడ్రంగి, మరుగుదొడ్డి కోసం నీటి మట్టానికి దిగువన ఇంకో రంధ్రం తొలవడానికి ఒప్పుకుంటాడా? తర్వాత మేకుల ఓడలు వచ్చినా అడుగుభాగం బాగు చేసే పద్ధతి అదే. పోటు మీద ఓడను ఒడ్డుకు తెచ్చి, ఆటుకు నీరు తీసేశాక పక్కకు ఒరగనిచ్చి, నాచు, గుల్ల గీకి, సున్నం కొవ్వు కలిపిన పూత పట్టించేవారు. బాగు చేయవలసిందేదైనా ఆటుకోసం ఆగగలిగేది. నీళ్లలో తేలుతుండగానే విప్పి తీరవలసిన భాగమంటూ ఆ ఓడ అడుగున ఒక్కటీ లేదు.

ఇక్కడ ఒక అభ్యంతరం వస్తుంది. ఓడ ఎప్పుడూ కదలదు కదా, మత్రాలో లంగరు వేసి వారాలు ఉండేది కదా, అప్పుడేమిటని. న్యాయమైన ప్రశ్న. మత్రా ఖాతం నల్లటి రాతికొండల మధ్య వంగిన జాగా. అదీగాక 1974లో సుల్తాన్ ఖాబూస్ రేవు వచ్చేదాకా పెద్ద ఓడ ఒడ్డుకు ఆనే వీలు లేక, దూరంగా లంగరు వేసుకుంటే చిన్న పడవలు సరుకు చేరవేసేవి. కాబట్టి నిలిచిన ఓడల కింద నీరు బాగుండేదని నేను అనను. అయితే రెండు సంగతులు లెక్కలోకి తీసుకోవాలి. ఒకటి రుతువు. ఈశాన్య గాలికి ఆఫ్రికా వైపు, నైరుతి గాలి మొదట్లో తిరుగుదారి, నైరుతి ముదిరితే సముద్రం మూత. ఆ మూత కాలంలో ఓడ ఒడ్డెక్కేది, కళాసీలు ఇళ్లకు పోయేవారు. ఓడ నిలిచినప్పుడు అందులో మనుషులు పెద్దగా ఉండేవారు కాదు, మనుషులు నిండుగా ఉన్నప్పుడు ఓడ సాగుతుండేది. రెండోది ఆచారం. పారని, నిలిచిన నీటిలో మూత్రం పోసి ఆపైన అందులోనే స్నానం చేయవద్దన్న ప్రవక్త మాట బుఖారీ, ముస్లిం హదీసు సంకలనాలు రెంటిలోనూ ఉంది. సముద్రపు నీరు శుద్ధమైనదేనని, దానితో వజూ చేయవచ్చని చెప్పే హదీసు కూడా ప్రసిద్ధమే. రోజుకు ఐదుసార్లు నమాజుకు ముందు అదే సముద్రపు నీటితో కాళ్లూ చేతులూ కడుక్కునే మనుషులకు, పారే నీరు వేరు, నిలిచిన నీరు వేరు అన్న స్పృహ పుస్తకాల్లో ఉండిపోయేది కాదు. మత్రా బజారులో దుకాణాలు పెట్టుకున్న కచ్ హిందూ వర్తకులకూ ఇది కొత్త కాదు. నీళ్లలో మలమూత్రాలు విడువరాదని మనుస్మృతి నాలుగో అధ్యాయం చెబుతుంది.

మరి 1821లో బొంబాయి వైపు నుంచి ఓడల మీద వచ్చి మస్కట్‌ను ఊడ్చేసిన కలరా? దాన్ని ఖాతంలోని మురికికి అంటగట్టడం సులువే కానీ సరికాదు. కలరా ముఖ్యంగా తాగే నీటి ద్వారా పాకుతుంది, ఉప్పునీరు ఎవరూ తాగరు. రోగం ఓడల్లో వచ్చింది, ఓడల మరుగుదొడ్ల వల్ల కాదు, రోగిష్టి మనుషుల వల్ల, ఊళ్లోని బావుల వల్ల, వీధుల వల్ల. పంతొమ్మిదో శతాబ్దం చివరి దశాబ్దాల్లో మస్కట్ బ్రిటిష్ ఏజెన్సీలో సర్జన్‌గా పనిచేసిన బొంబాయి వైద్యుడు ఏ.ఎస్.జి. జయకర్ ఊరి నేలను, నీటిని, రోగాలను కలిపి పరిశీలించి నివేదిక రాశాడు.

ఇంకా బలమైన అభ్యంతరం ఒకటుంది. గొట్టాలు ఎందుకు రాలేదంటే అప్పటికి ఆ విద్య లేదు గనుక, ఇనప ఓడ, ఆవిరి పంపు వచ్చాక విద్య వచ్చింది, గొట్టాలూ వచ్చాయి, ఇంతకు మించి వాదన దేనికి అని. కానీ విద్య ముందే ఉంది. చెక్క ఓడల్లో అడుగు నీరు తోడే పంపులు శతాబ్దాల పాతవి. పదిహేడు, పద్దెనిమిదో శతాబ్దపు యూరప్ ఓడల్లో పక్కగోడల వెంట మూత్రానికి సీసపు గొట్టాలు ఉండేవి. జోసెఫ్ బ్రామా లండన్‌లో మూతవాల్వు ఉన్న నీటి మరుగుదొడ్డికి 1778లోనే పేటెంటు పొందాడు. చేతనైనా చేయలేదంటే అవసరం తోచలేదన్నమాట. తోచింది ఎప్పుడంటే, ఓడలు రేవుల్లో బారులు తీరి నిలవడం, ఆ రేవు నీటి పక్కనే ఊళ్లు పెరగడం, ఓడలో ఉన్నవాళ్లు ఓడలోనే కాపురం ఉండడం మొదలయ్యాక. మరుగుదొడ్డి ఓడ లోపలికి రావడంలో పరువు, ఆడవాళ్ల మరుగు, సౌకర్యం కూడా కారణాలే, కాదనను. అయితే అవి లోపలికి రావడాన్ని వివరిస్తాయి, మురికిని తొట్టెలో దాచి పెట్టుకోవడాన్ని వివరించవు. దాచుకోవలసి వచ్చింది కేవలం ఓడ నిలిచినందుకు.

లోపలికి తెచ్చినందుకు కట్టే సుంకం ఎంతో నేటి తెరచాప పడవ నడిపేవాళ్లకు బాగా తెలుసు. పింగాణీ గిన్నె దాదాపు నీటి మట్టం దగ్గరే ఉంటుంది. పక్కన చేతి పంపు. కడిగే నీరు లోపలికి రావడానికి పడవ అడుగున ఒక చిల్లు, మురికి బయటికి పోవడానికి ఇంకొకటి, ఒక్కోదానికి ఒక్కో కంచు వాల్వు. గొట్టాన్ని నీటి మట్టానికి పైదాకా వంపు తిప్పి, వంపు నెత్తిన గాలి తీసుకునే చిన్న రంధ్రం పెట్టాలి. అది ఉప్పుపేరి మూసుకుపోయి, వాల్వు తెరిచి మరిచిపోతే సముద్రం దానంతటదే గొట్టం గుండా లోపలికి పారి పడవను ముంచుతుంది. 1945 ఏప్రిల్‌లో స్కాట్లండ్ తీరాన జర్మన్ జలాంతర్గామి యు-1206 పోయింది ఇలాంటి పొరపాటుకే. లోతు నీటిలో మరుగుదొడ్డి వాల్వులు తప్పుగా తిప్పడంతో నీరు బ్యాటరీల మీదికి చేరి క్లోరిన్ పుట్టింది. పైకి తేలక తప్పలేదు, తేలాక దాడి తప్పలేదు, చివరికి ఓడను వదులుకున్నారు. మామూలు పడవలో ప్రమాదం ఇంత నాటకీయంగా రాదు, నెమ్మదిగా వస్తుంది. మూత్రం, సముద్రపు నీరు కలిసిన చోట సున్నపు పెచ్చు కట్టి గొట్టం లోపలి దారి నెలనెలా సన్నబడుతుంది. మురికి వెనక్కి రాకుండా ఆపే పెదవుల్లాంటి రబ్బరు వాల్వు ఆ పెచ్చు వల్ల పూర్తిగా మూసుకోదు. ఒమన్ వేసవి సముద్రంలా వెచ్చని నీటిలో, గొట్టంలో నిలిచిన సూక్ష్మజీవాలు చచ్చి కుళ్లిన గుడ్డు వాసన వేస్తుంది, అది మురికి వాసన కూడా కాదు, కేవలం నిలిచిన సముద్రపు వాసన. దీనికి వెనిగర్ పోసి నాననివ్వడం, పంపు పిస్టన్‌కు నూనె పట్టించడం, అదీ చాలకపోతే గొట్టం ఊడదీసి గట్టు మీద బాది పెచ్చులు రాల్చడం. వాల్వులను తరచూ తిప్పుతుండాలి, లేకపోతే బిగుసుకుంటాయి. ప్రతి వాల్వు పక్కనా ఒక మెత్తని కొయ్య బిరడా తాడుతో కట్టి ఉంచాలి. పడవ నీటిలో ఉండగా వాల్వు చేతికి ఊడివస్తే ఆ బిరడా కొట్టి చిల్లు మూయడం తప్ప వేరే దారి లేదు. పాత ఓడ ఆటుకోసం ఆగగలిగింది, ఈ పడవ ఆగలేదు.

రేవు కట్టిన 1974లోనే ఒమన్ సముద్ర కాలుష్య నియంత్రణ చట్టాన్ని రాజశాసనం 34/74గా తెచ్చింది. ఒకే ఏడాది గట్టూ చట్టమూ రెండూ రావడం నాకు యాదృచ్ఛికంగా కనబడదు. ఓడలు గట్టుకు ఆని నిలిచే చోట నీటికి కాపలా కావాలి. దాని తర్వాత ప్రపంచమంతటికీ వర్తించే నియమాలు వచ్చాయి. ఓడల కాలుష్యాన్ని అరికట్టే అంతర్జాతీయ ఒప్పందమైన మార్పోల్‌లో, మురుగు గురించిన నాలుగో అనుబంధం 2003 సెప్టెంబరు 27న అమలులోకి వచ్చింది. అందులో ఒక నిబంధన నా వాదనకు ఆయువుపట్టు. శుద్ధి చేయని మురుగును తొట్టె నుంచి వదలాలంటే ఓడ దగ్గరి తీరానికి 12 నాటికల్ మైళ్ల కంటే ఎక్కువ దూరంలో ఉండాలి. అంతే కాదు, కనీసం 4 నాట్ల వేగంతో సాగుతూ ఉండాలి, ఒక్కసారిగా కాక మెల్లగా వదలాలి. దూరం ఒక్కటే అడిగి ఊరుకోలేదు, చలనం కూడా అడిగారు. జూలి పెట్టె దేని మీద ఆధారపడి పనిచేసిందో ఆ రెండు షరతులనూ ఆధునిక చట్టం మళ్లీ అంకెల్లో రాసుకుంది.

ఆ అనుబంధం 400 టన్నులు, ఆ పైన ఉన్న ఓడలకు, 15 మందిని మించి మోసే ఓడలకు మాత్రమే కదా, ఇద్దరు ముగ్గురు తిరిగే చిన్న తెరచాప పడవకు ఇది ఎందుకు వర్తించాలి అని అడగవచ్చు. చట్టం దృష్టిలో వర్తించకపోవచ్చు, ఆయా రేవుల నియమాలు వేరుగా ఉంటాయి. కానీ నీటికి టన్నుల లెక్క తెలియదు. ఊరి నుంచి సముద్రంలోకి చేరే దానితో పోలిస్తే పడవది ఎంత అని కూడా అంటారు. ఆ మాట నిజమే, అయితే ఊరి మురుగు ఊరిది, పడవ మురుగు సరిగ్గా ఈదేవాళ్ల పక్కన, చేపల మార్కెట్టు గట్టుకు ఎదుట పడుతుంది. 2014లో సరుకు ఓడలు సొహార్‌కు తరలిపోయాక మత్రా విహార ఓడల రేవు అయింది. నిలిచి ఉండడానికి వచ్చేవాళ్లే ఇప్పుడు ఎక్కువ. పొద్దున్నే చేపలకు వెళ్లి తిరిగొచ్చే ఫైబర్ పడవలకు ఈ తలనొప్పి లేదు, అవి ఇంకా పాత ఓడల నియమంలోనే ఉన్నాయి. లంగరు వేసుకుని కూర్చున్న పడవకు మాత్రం 12 నాటికల్ మైళ్లంటే సుమారు 22 కిలోమీటర్లు, 5 నాట్ల వేగంతో దాదాపు రెండున్నర గంటల ప్రయాణం, మళ్లీ వెనక్కి అంతే. తొట్టె ఎంత పెద్దది పెట్టాలి, వాల్వు ఎప్పుడు తిప్పాలి అన్నది ఈ దూరాన్ని బట్టి తేల్చుకోవలసిన లెక్క. లేదంటే తొట్టెలోది పీల్చి తీసుకుపోయే పంపు రేవు గట్టు మీదే ఉండాలి, మత్రా లాంటి విహార రేవు తాగునీటి కొళాయి ఇచ్చినంత మామూలుగా దాన్ని ఇవ్వాలి.