దేవహూతి దిగులు

నాలుగేళ్ళ కిందట నేనో పొరపాటు చేశాను. చెప్పుకోవడానికి సిగ్గే గానీ, మీలో ఎవరైనా అదే పని చేయబోతుంటే ఆగుతారని చెబుతున్నాను.

మా హనుమకొండ వీధిలో ఒకావిడ నన్ను నోరారా "అక్కా" అని పిలిచేది. ఇంట్లో ఏ లోటూ లేదు. అయినా, "పొద్దున లేవబుద్ధయితలేదక్కా. పిల్లలు పక్కనే మాట్లాడుతున్నా ఎక్కడో దూరంగా వినిపిస్తంది" అనేది. డాక్టరు చూసి డిప్రెషన్ అన్నాడు, మాత్రలు రాశాడు. నేనేమో అన్నీ తెలిసినదానిలా, "ఆ బిళ్ళలెందుకమ్మా, నాతో భద్రకాళి చెరువు కట్టకు రా. ప్రాణాయామం చెయ్యి. మన పెద్దలిచ్చిన మందు అదే కదా" అన్నాను.

పాపం, నమ్మింది. బిళ్ళలు మానేసింది. నెల తిరక్కుండానే మంచం పట్టింది. చూడబోతే, "నాకు ధ్యానం కూడా చాతకాలేదక్కా" అని ఏడ్చింది. మందు అవసరమైన మనిషికి నేనింకో పరీక్ష పెట్టి ఓడించానన్నమాట!

ఇంతకీ ఆ పెద్దలు ఏమన్నారు? అప్పుడు గానీ నేను పుస్తకాలు తెరవలేదు.

పతంజలి తన యోగసూత్రాల మొదటి పాదంలోనే మనసుకు అడ్డుపడే తొమ్మిదింటిని లెక్కపెట్టాడు. వాటిలో మొట్టమొదటిది వ్యాధి! రెండోది స్త్యానం, అంటే మనసు మొద్దుబారి కదలకపోవడం. సోమరితనాన్ని మరోచోట, అయిదోదిగా, వేరే చెప్పాడు. మనసు కదలకపోవడమూ బద్ధకమూ ఒకటి కావని ఆయనకు తెలుసు. తెలియనిది మనకే. వీటి వెంట దుఃఖం, దౌర్మనస్యం, ఒళ్ళు వణకడం, ఊపిరి గతి తప్పడం వస్తాయన్నాడు. మనసునూ ఒంటినీ ఊపిరినీ ఒకే మాటలో కలిపి చూశాడన్నమాట.

ఇక మన బమ్మెర పోతన. (ఆయనది ఒంటిమిట్ట అనేవారితో ఈ పూట తగాదా వద్దు!) ఆయన తెనిగించిన భాగవతం తృతీయ స్కంధంలో దేవహూతి కథ ఉంది. తొమ్మిదిమంది ఆడపిల్లల తరువాత కపిలుణ్ణి కన్నది. భర్త కర్దముడు అడవికి వెళ్ళిపోయాడు. అప్పుడా తల్లి కొడుకునే దారి చూపమని అడిగింది. ఆసనం, ప్రాణాయామం, విష్ణుమూర్తి పాదాల నుంచి చిరునవ్వు దాకా మెల్లమెల్లగా నిలిపే ధ్యానం, అన్నీ చెప్పాడు. అంతా నేర్చుకుంది. అయినా కొడుకు వెళ్ళిపోతుంటే, దూడను పోగొట్టుకున్న ఆవులా తల్లడిల్లిందట. ఇంత యోగం నేర్చి ఏడుస్తావేమని భాగవతం ఆమెను తప్పుపట్టలేదు.

మన కాలానికి వస్తే, స్వామి కువలయానంద 1924లో లోనావలాలో కైవల్యధామం పెట్టి, యోగాన్ని యంత్రాలతో కొలిచి చూడటం మొదలుపెట్టారు. బొంబాయిలో డాక్టర్ వాహియా బృందం పతంజలి పద్ధతిని మానసిక చికిత్సకు వాడి, 1973లో ఆ సంగతి అమెరికా పత్రికలో రాసింది. 2000లో బెంగుళూరు నిమ్హాన్స్ వైద్యులు ఒక పరీక్ష ఫలితం ప్రకటించారు. తీవ్రమైన డిప్రెషన్‌తో ఆసుపత్రిలో ఉన్న 45 మందిని మూడు జట్లు చేశారు. ఒక జట్టుకు కరెంటు చికిత్స, ఒక జట్టుకు ఇమిప్రమిన్ మాత్రలు, ఒక జట్టుకు సుదర్శన క్రియ అనే శ్వాస పద్ధతి. నాలుగు వారాలకు తేరుకున్నవారు వరుసగా నూటికి 93, 73, 67 మంది. జట్టుకు పదిహేనుమందే కనుక పద్నాలుగు, పదకొండు, పదిమంది అనుకోండి.

ఊపిరి పద్ధతి మాత్రకు దగ్గరగా వచ్చింది, సంతోషమే! కానీ పరీక్ష చిన్నది. పైగా వాళ్ళు డాక్టర్ల కళ్ళముందు చేశారు, చెరువు కట్ట మీద నాలాంటిదాని మాట విని కాదు. బాగా కుంగిపోయినప్పుడు కళ్ళు మూసుకు కూచుంటే కొందరికి చెడు ఆలోచనలు ఇంకా ముసురుకుంటాయి. అలాంటివాళ్ళకు నడక, తేలికపాటి ఆసనాలు నయం. మాత్రలు తగ్గించాలా మానాలా అన్నది మాత్రం డాక్టరే చెప్పాలి.

మా చెల్లెలు మళ్ళీ మందులు మొదలుపెట్టింది. కోలుకోవడానికి ఏడాది పట్టింది. ఇప్పుడు ఇద్దరం కట్ట మీద నడుస్తాం, కాసేపు కూచుని ఊపిరి చూసుకుంటాం. కొన్ని రోజులు రానంటుంది. "సరే, రేపు చూద్దాం" అంటాను.

మీ ఇంట్లో ఎవరికైనా బతకబుద్ధి కావడం లేదనిపిస్తే, 2022లో ప్రభుత్వం పెట్టిన టెలి మానస్ నంబరు 14416కు ఫోను చెయ్యండి. తెలుగులోనే మాట్లాడతారు. యోగా మాట తరువాత ఎత్తవచ్చు. ముందు పక్కన కూచోండి.